బిళ్ళకు జాగా

నవంబర్ 3, సోమవారం

డ్రాయింగ్ ఖాయమైంది. ఇక గీత కూడా మార్చడానికి లేదట.

కడుపు పైభాగానికి చుట్టే సిలికాన్ పట్టీ. దాన్నుంచి సన్నని గొట్టం. గొట్టం చివర చర్మం కింద రూపాయి బిళ్ళంత పోర్టు. సూదితో బిళ్ళలోకి ఉప్పునీళ్ళు ఎక్కిస్తే పట్టీ బిగుస్తుంది, మనిషికి నాలుగు ముద్దలకే కడుపు నిండుతుంది. నీళ్ళు తీస్తే వదులవుతుంది. మూడేళ్ళుగా నా బతుకంతా ఈ బిళ్ళే. కుట్లు లేకుండా నాలుగు కొక్కేలతో దాన్ని లోపల నిలబెట్టే ఉపాయం నాది. ఒంట్లో దాని జాగా ఖాయం చేసిందీ నేనే — బొడ్డుకు ఎడమ పక్క, రెండు వేళ్ళ పైన.

ఆఫీసులో స్వీట్లు పంచారు. బరువు తగ్గించే కంపెనీలో స్వీట్లు. సరే, తిన్నాను.

అంతలో మార్కెటింగ్ అమ్మాయి వచ్చింది. "రేణుక గారూ, పోస్టర్‌కి 'ముందు' ఫొటో కావాలి, మీరు నిలబడతారా? 'తర్వాత' ఫొటోకి వేరేవాళ్ళున్నారు..." అందరూ నవ్వారు. డైరెక్టర్ సార్ కూడా. నేనూ నవ్వాను.

ఇంటికొచ్చాక ఒళ్ళు మండుతోంది. వాళ్ళు నవ్వినందుకు కాదు. నేనెందుకు నవ్వాను?

నవంబర్ 4, మంగళవారం

ఫొటోకి నిలబడనని చెప్పేశాను. "జోక్‌గా అన్నానండీ" అంది. జోకే అయితే ఈ రోజు మళ్ళీ ఎందుకు అడిగినట్టో!

నవంబర్ 7, శుక్రవారం

మొదటి ట్రయల్‌కి ఎంపికైనవాళ్ళ జాబితా వచ్చింది. అందులో యాదమ్మత్త పేరుంది.

కార్వాన్‌లో మా గల్లీ చివర బర్రెల కొట్టం ఆమెది. చుట్టరికం ఏమీ లేదు. పుట్టినప్పటి నుంచి ఆమె పోసిన పాలు తాగి పెరిగాను కాబట్టి అత్త. ట్రయల్ కోసం ఆస్పత్రిలో పెట్టిన క్యాంపు గురించి ఆమెకు చెప్పింది నేనే. చెప్పి మర్చిపోయాను. ఆమె మర్చిపోలేదు. ఒక్కతే ఆటో ఎక్కి వెళ్ళి, వరసలో నిలబడి, పేరు రాయించుకుని వచ్చింది.

సాయంత్రం గల్లీలో పట్టుకుంది. "మోకాళ్ళకు ఆపరేషన్ చెయ్యాల్నంటే బరువు దిగాలె అంటరు. బరువు దిగాల్నంటే నడువాలె అంటరు. నడువాల్నంటే మోకాళ్ళుండాలె కదనే! ఎన్నేండ్ల సంది తిప్పుతున్నరు నన్ను. ఇగ అయిపోయింది లొల్లి. నీ బిళ్ళ ఏయించుకుంట."

నీ బిళ్ళ అంది. కంపెనీ బిళ్ళ అనలేదు.

నవంబర్ 9, ఆదివారం

పొద్దున్నే కొట్టానికి వెళ్ళాను. చలి. బర్రెల వీపుల మీంచి ఆవిర్లు. పేడ, గడ్డి, పచ్చిపాల వాసన... ఈ వాసన నాకు ఇష్టమని ఆఫీసులో చెప్పుకోలేను.

రాణి అనే ముసలి బర్రె ఇంకెవరు చెయ్యి వేసినా పాలు చేపదు. యాదమ్మత్తే కూర్చోవాలి. పొట్టి పీట మీద కూర్చుని, మోకాళ్ళ మధ్య బకెట్ ఇరికించి, నుదురు బర్రె డొక్కకు ఆనించి పిండుతుంది. పిండినంతసేపూ దానితో ముచ్చట. అయిపోయాక మాత్రం లేవలేదు. "లేపు" అని రెండు చేతులూ చాపుతుంది. ఒంటి చేత్తో లేపబోతే ఇద్దరం పేడలో పడతాం. కాలు తన్నిపెట్టి, రెండు చేతులతో లాగాలి.

పోయిన ఏడాది ఇక్కడే జారి పడింది. లేపడానికి నలుగురు వచ్చారు. అయిదోవాడు వీడియో తీశాడు. ఆ వీడియో ఇంకా గల్లీ ఫోన్లలో తిరుగుతూనే ఉంది. వాడి దుంపతెగ! మొన్న పాల డబ్బుల కోసం ఆమె ఎదురుగా నిలబడినప్పుడు వాడికి నవ్వాగలేదట.

ఆపరేషన్ డిసెంబర్ రెండో వారంలో. "దేవుని సల్లగుండ ఒక్కదాన్నే లేస్త సూడు" అంది.

నవంబర్ 12, బుధవారం

రాయాలి.

అమ్మకు నడుం పట్టేసింది. బామ్ రాయడానికి కూర్చున్నాను. చీర కుచ్చిళ్ళు తీసి, లంగా నాడా వదులు చేసి బోర్లా పడుకుంది. నడుం చుట్టూ వేలెడు మందాన నల్లటి కాయ. ఎప్పుడూ చూసేదే. చిన్నప్పుడు వేలితో గీకి ఆడుకునేదాన్ని కూడా. ముప్పై అయిదేళ్ళుగా నాడా బిగించి కట్టి, దాన్లోనే తాళాల గుత్తి దోపి, దాన్లోనే చిల్లర సంచి చెక్కుకుని...

వెల్లకిలా తిరగమన్నాను. ముందు వైపు బామ్ ఎందుకే అంది. తిరుగమ్మా అన్నాను.

బొడ్డు దగ్గర చెయ్యి పెట్టాను. ఎడమ పక్క. రెండు వేళ్ళ పైన. లావు వచ్చిన ఆడవాళ్ళందరూ నాడా కట్టేది అక్కడే. పొట్ట కింద కడితే జారుతుందని పైకి కడతారు. ఆ నల్లటి కాయ మీద, సరిగ్గా దాని నడిమధ్యన, నా రెండు వేళ్ళు ఉన్నాయి.

నా బిళ్ళ జాగా అదే.

నవంబర్ 13, గురువారం

పాత కొలతల పుస్తకాలు తిరగేశాను. బిళ్ళకు జాగా వెతకడానికి ఆస్పత్రిలో ఎంతమంది ఆడవాళ్ళ పొట్టలు కొలిచానో. ప్రతి ఒక్కరికీ పరదా లాగి, ఎంతో మర్యాదగా, నా నోటితో నేనే చెప్పాను — "నాడా వదులు చేసి వెల్లకిలా పడుకోండమ్మా."

నాడా విప్పించి మరీ కొలిచాను! ఒక్కరినీ కూర్చోబెట్టి కొలవలేదు. కట్టుకున్న బట్ట మీద కొలవలేదు. పుస్తకంలో చివరి గడి 'ఇతర గుర్తులు'. అందులో ప్రతి పేజీలో నా చేతిరాత — "నడుం చుట్టూ నల్ల గీత. పట్టించుకోనక్కర్లేదు."

పట్టించుకోనక్కర్లేదట. ఎంత తెలివి, ఎంత చదువు! నేను జీన్స్‌కి మారి పదేళ్ళు దాటింది. అంతమాత్రానికే అమ్మ నడుం మర్చిపోయానా? మగవాళ్ళు చేసిన తప్పయితే ఇల్లు పీకి పందిరేసేదాన్ని. ఇప్పుడు ఎవర్ని తిట్టను?

రోజంతా నాడా బిళ్ళను ఒరుసుకుంటుంది. పీట మీద కూర్చుంటే పొట్ట మడత పడుతుంది, ఆ మడతలోకి నాడా దిగుతుంది. కొక్కేలు వదిలి బిళ్ళ లోపలే బోర్లా పడిందనుకో — సూది దిగదు. సూది దిగకపోతే బిగిసిన పట్టీ వదులు కాదు. మనిషి మంచినీళ్ళు కూడా మింగలేదు. మళ్ళీ కొయ్యాలి.

యాదమ్మత్తను.

నవంబర్ 14, శుక్రవారం

డైరెక్టర్ సార్‌కి చెప్పాను. తప్పు నాదే అని ముందే ఒప్పుకున్నాను. ఆయన ముందు అర్థం కాక, తర్వాత అర్థమై నవ్వాడు.

"రేణుక గారూ, మనది మెడికల్ డివైస్ కంపెనీ. బట్టల కొట్టు కాదు."

"సార్, ట్రయల్‌లో ఉన్న ఆడవాళ్ళలో ఎక్కువమంది చీర కట్టేవాళ్ళే."

"డేటా ఉందా?"

"మా అమ్మ నడుం ఉంది సార్."

అనకుండా ఉండాల్సింది. బయటికి వచ్చేసరికి అందరికీ తెలిసిపోయింది. మధ్యాహ్నం నుంచి క్యాంటీన్‌లో నా పేరు 'నాడా మేడమ్'.

డేటా కావాలా. ఇస్తాను.

నవంబర్ 15, శనివారం

జహనుమా వెళ్ళాను. మా పట్టీల అచ్చులన్నీ అక్కడి షెడ్డులో ఫయాజ్ భాయ్ చేతి మీదుగానే తయారవుతాయి. అచ్చు పోయడంలో ఆయన్ని మించినవాడు లేడు, ఆఫీసు మీటింగులకు మాత్రం ఎవరూ పిలవరు.

విషయం చెప్పాను. నవ్వుతాడేమోనని గొంతులో ముందే కోపం పెట్టుకుని చెప్పాను. ఆయన గడ్డం గోక్కుని అడిగాడు — "నాడా కౌన్సా మేడమ్? కాటన్ కా, యా నైలాన్ కా? నైలాన్‌ది అయితే మస్తు కోస్తది."

ఈ నాలుగు రోజుల్లో సరైన ప్రశ్న అడిగిన మొదటి మనిషి. కళ్ళల్లో నీళ్ళు తిరిగినంత పనయింది. "మా అమ్మీకి భీ గదే నిషాన్ ఉంటుండె కమర్ చుట్టు" అన్నాడు, తల దించుకుని పని చూసుకుంటూ.

మెత్తని సిలికాన్‌తో పొట్ట మందాన దిమ్మె పోశాడు. దాన్లో బిళ్ళను మా కొక్కేలతో బిగించాం. పైన లంగా నాడా చుట్టి, పాత కుట్టు మిషన్ మోటారుకు తగిలించాం. దిమ్మె వంగుతుంది, లేస్తుంది. వంగినప్పుడల్లా నాడా దిగుతుంది. కూర్చుని లేచే మనిషి లాగే.

రెండు రకాల నాడాలూ గల్లీ దుకాణంలో నేనే కొన్నాను. "ఇంజినీరమ్మకు నాడాలెందుకు?" అట వాడికి. వాడికీ చెప్పాలా!

నవంబర్ 18, మంగళవారం

ఫయాజ్ భాయ్ ఫోన్. "మేడమ్, ఔంధా పడ్ గయా." బోర్లా పడిపోయిందట.

స్కూటీ మీద పురానాపూల్ దాటి ఎట్లా వెళ్ళానో నాకే తెలియదు. దిమ్మె కోసి చూశాం. రెండు కొక్కేలు ఊడాయి, బిళ్ళ బోర్లా పడుంది. కాటన్ నాడాకు కొంచెం ఆలస్యంగా, నైలాన్‌కు తొందరగా. కానీ రెండింటికీ పడింది.

నా కొక్కేలు. నా చేత్తో గీసినవి. సంతోషపడాలో ఏడవాలో తెలియలేదు. ఇద్దరం చాయ్ తాగాం. ఆయనే నా గ్లాసు కడిగి పెట్టాడు.

నవంబర్ 19, బుధవారం

బోర్లా పడిన బిళ్ళను బల్ల మీద పెట్టాను. ఈసారి ఆపరేషన్లు చేయబోయే డాక్టరుగారు కూడా ఉన్నారు. చాలాసేపు చూశారు. ఆయన నవ్వలేదు, అది మాత్రం ఒప్పుకోవాలి.

"నిజమే. పోర్టు తిరగబడే అవకాశం ఉంది" అన్నారు. నా గుండె కుదుటపడింది. వెంటనే — "ఆపరేషన్ తర్వాత నైటీలే వేసుకోమని చెబుదాం."

"అంతే కదా! పేషెంట్ కరపత్రంలో ఒక లైను పెట్టేస్తే సరి" అన్నాడు డైరెక్టర్ సార్, పెద్ద బరువు దిగినట్టు.

ఒక లైను. నైటీ వేసుకుని, పీట మీద కూర్చుని పాలు పిండమనండి చూద్దాం. నైటీ వేసుకుని పెళ్ళికి, కర్మకు, బ్యాంకుకు పొమ్మనండి. జీవితమంతా! మనిషి ఒంట్లో పెట్టే వస్తువు మనిషికి తగ్గట్టు ఉండాలా, వస్తువుకు తగ్గట్టు మనిషి బతకాలా? ఇది అక్కడ అనలేదు. ఇక్కడ రాస్తున్నాను. అక్కడ "సార్, సార్" అంటూ కూర్చున్నాను.

నవంబర్ 20, గురువారం

అమ్మను అడిగాను, ఇక మీదట చీర కట్టొద్దంటే ఏం చేస్తావని. "మరి నా తాళాలు యాడ పెట్టుకోవాలె?"

నవంబర్ 22, శనివారం

జాగా మార్చాలి. బిళ్ళ తప్పేమీ లేదు, జాగాదే తప్పు. కానీ ఎక్కడికి? ఈసారి పడుకోబెట్టి కొలిచే పాపం చేయను.

అమ్మ వంటింట్లో పసుపు దంచిన చేతులు నడుం దగ్గర తుడుచుకుంది. నాడా మీద పసుపు. సాయంత్రం నాడా వదులు చేసినప్పుడు చూస్తే పొట్ట మీద పసుపు గీత. గీత కాదు, జానెడు పట్టీ! నాడా ఒక్కచోట ఉండదు కదా. కూర్చుంటే పైకి, వంగితే కిందికి, పడుకుంటే పక్కకు. పొద్దుట్నుంచీ అది ఎక్కడెక్కడ తిరిగిందో అంతా పొట్ట మీద రాసి పెట్టింది.

మెదడులో దీపం వెలిగిందంటే వెలిగింది! కొత్త నాడా తడి పసుపులో నానబెట్టి ఆరబెట్టాను. రేపు అమ్మ రోజంతా అదే కట్టుకుని అన్ని పనులూ చేయాలి. పసుపు అంటిన చోటల్లా నాడా రాజ్యం. అంటని చోట బిళ్ళకు జాగా.

"ఇంత సదువు సదివి ఆకరికి పసుపు కాడికి ఒచ్చినవా?" అంది అమ్మ. అవును, వచ్చాను.

నవంబర్ 23, ఆదివారం

తెల్లగా మిగిలిన చోటు దొరికింది. రొమ్ముల మధ్య ఎముక చివర, కాస్త గట్టిగా ఉండే చోట. మడత పడదు, నాడా రాదు. ఫొటో తీశాను. "మొఖం రావొద్దు" అని అమ్మ నాలుగుసార్లు చెప్పింది. ముఖం రాలేదు.

నవంబర్ 24, సోమవారం

కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడింది.

మీటింగులో పసుపు పొట్ట ఫొటో తెర మీద వేశాను. వెనక నుంచి ఎవరో కిసుక్కుమన్నారు. మా అమ్మ పొట్ట అది! ఆగకుండా చెప్పాను. జాగా మార్చాలి, అంతవరకూ ట్రయల్ ఆపాలి, తప్పు నాదే అని కాగితం మీద రాసిస్తాను అన్నాను.

జాగా మారిస్తే గొట్టం పొడవు మారుతుందట. గొట్టం మారితే డ్రాయింగులు మళ్ళీ. పరీక్షలు మళ్ళీ. ఎథిక్స్ కమిటీకి మళ్ళీ. నెలలు పడుతుందట. నిజమే, పడుతుంది. దాచడం లేదు నేను.

డైరెక్టర్ సార్ నాకేసి చూసి చిరునవ్వు నవ్వాడు. "రేణుక గారు చాలా మంచి పాయింట్ పట్టుకున్నారు. చీర కట్టేవాళ్ళతోనే కదా ఇబ్బంది? మొదటి ట్రయల్‌లో చీర కట్టేవాళ్ళను వద్దందాం. ప్యాంట్లు, నైటీలు వేసుకునేవాళ్ళనే తీసుకుందాం. ఎంపిక ఎలాగూ డాక్టరుగారి చేతిలోదే."

డాక్టరుగారు జాబితా తీసి డైరెక్టర్ సార్ ముందు పెట్టారు. అది ఒప్పుకోవడమే.

అందరూ చప్పట్లు కొట్టారు. నాకు! బిళ్ళను కదిలించడం కష్టం, మనుషుల్ని కదిలించడం సులువు. జాబితాలో ఒక్కో పేరు మీద గీత గీస్తుంటే కూర్చుని చూశాను. నాలుగో పేరు యాదమ్మత్తది.

నవంబర్ 26, బుధవారం

ఆస్పత్రి నుంచి యాదమ్మత్తకు ఫోన్ చేశారు. అడిగితే కారణం కూడా చెప్పారు.

సాయంత్రం మా గడప ముందు. మెట్టు ఎక్కలేదు, కింద నుంచే. గల్లీ అంతా వినేలా.

"ఏంది రేణూ, నా పేరు కొట్టేసినవంట?"

"అత్తా, నేను కొట్టలేదు, బిళ్ళ బోర్లా పడితే నీకే—"

"నా మేలుకే అంటవు. అంతే కదా? అందరు నా మేలుకే. మేలుకే తినొద్దంటరు, మేలుకే నవ్వుతరు, మేలుకే ఆపరేషన్ వద్దంటరు. నన్ను ఒక్కమాట అడిగినవా? నాడా కట్టేది నేను. పీట మీద కూసునేది నేను. నా కడుపు మీద మీరు కూసోని మీటింగ్ పెట్టుకున్నరు!"

"అడగాల్సింది అత్తా."

"ఇగ పో" అంది.

వాళ్ళ మీద కోపమే కోపం అనుకున్నాను ఇన్నాళ్ళూ. వాళ్ళు నన్ను అడగలేదని నా గోల. నేను ఆమెను అడిగానా? నాడా విప్పమన్నాను కానీ, అమ్మా ఎక్కడ కడతావు అని ఒక్క మనిషిని అడిగానా?

నవంబర్ 28, శుక్రవారం

పాకెట్ పాలు. చాయ్ అదోలా ఉంది. అమ్మ సగం తాగి వదిలేసింది.

నవంబర్ 30, ఆదివారం

కొట్టానికి వెళ్ళాను. రాణి దగ్గర కూర్చుని ఉంది. పిండటం అయిపోయింది, బకెట్ పక్కన పెట్టింది. నేను దగ్గరికి వెళ్ళి రెండు చేతులూ చాపాను.

పట్టుకోలేదు. అటు తిరిగి కూర్చుంది. గడ్డి బండి వాళ్ళు వచ్చేదాకా ఆ పీట మీదే, ఆ చలిలో. నేనూ గేటు దగ్గరే నిలబడ్డాను.

డిసెంబర్ 2, మంగళవారం

పోస్టర్ వచ్చింది. 'ముందు' ఫొటోలో ఎవరో ఆమె. తల కోసేశారు, మెడ నుంచి కిందికి మాత్రమే. పాపం, ఆమెను ఎవరైనా అడిగారో లేదో.

డిసెంబర్ 3, బుధవారం

పొద్దున్న పళ్ళు తోముకుంటుంటే తలుపు చప్పుడు. యాదమ్మత్త. చేతిలో పాల చెంబు. లోపలికి వచ్చి, అమ్మకు చెంబు ఇచ్చి, తలుపు గడియ పెట్టి, పొట్ట మీది చీర పక్కకు లాగింది.

పొట్టంతా పసుపు!

అమ్మ వైపు చూశాను. అమ్మ పొయ్యి వైపు చూసింది. ఎప్పుడు చెప్పిందో, పసుపు నాడా ఎప్పుడు ఇచ్చిందో. నాతో మాత్రం ఒక్క మాట లేదు.

"నాల్గు దినాలు కట్టిన. బర్రె కాడ కూసున్న, గడ్డి మోసిన, మెట్లెక్కిన, బోర్ల పండుకున్న. నీ లెక్క ఎల్లెల్కల పండుకోలే ఒక్కతీరుగ." చురక అంటించిందని ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు. "సూడు. నువ్వు మీ అమ్మకు సూపెట్టిన జాగా ఉన్నదే, ఎదురు రొమ్ము ఎముక కాడ? ఆడ పెడితే నాకు పని జెయ్యది. పాల క్యాన్ ఎత్తుకుంటె అంచు ఆడనే తగుల్తది."

నిజమే. అక్కడ చర్మం కమిలి ఉంది. అమ్మ క్యాన్లు మోయదు, అందుకని నాకు కనపడలేదు. మళ్ళీ అదే తప్పు చేయబోయాను, ఈసారి పసుపు పూసి మరీ.

ఎడమ రొమ్ము కింద, పక్కటెముక మీద, మూడు వేళ్ళ అవతల కాటుకతో చుక్క పెట్టుకుని వచ్చింది. పసుపు లేదు, కమిలింది లేదు. వేలు పెట్టి నొక్కి చూశాను. కూర్చోమన్నాను. వంగమన్నాను. చెంబు ఎత్తుకోమన్నాను. చుక్క ఎక్కడిదక్కడే ఉంది.

"నేను చీరే కడ్త. బిళ్ళ గీడ పెట్టుమను. ఇది నేను జెప్పిన జాగా, నా పేరు మీద రాయి."

"నెలలు పడుతుందత్తా. ఒప్పుకుంటారో లేదో కూడా—"

"పట్టని. నాకేం ఫికర్ లేదు. ఆపుతె ఆపుమను, కొట్టేసుడు ఏంది?"

అమ్మ చాయ్ పెట్టింది. ముగ్గురం తాగాం. మంచి చాయ్.

డిసెంబర్ 4, గురువారం

కాగితం రాసిచ్చాను. జాగా యాదమ్మది, తప్పు నాది, పరీక్ష ఫయాజ్ భాయ్‌ది అని ముగ్గురి పేర్లూ పెట్టాను. కమిటీకి కూడా ఒక కాపీ పంపుతానని చివర్లో రాశాను.

డైరెక్టర్ సార్ చదివి, పక్కన పెట్టాడు. "ఫయాజ్ మన ఉద్యోగి కూడా కాదు. ఈ యాదమ్మ ఎవరు?"

"జాబితాలో నాలుగో పేరు సార్. మీరే గీత గీశారు."

"కమిటీకి పంపితే మీ ఉద్యోగం గురించి కూడా ఆలోచించుకోండి."

అరగంట బాత్రూంలో నిలబడ్డాను. ఏడుపు కాదు. కోపం. ఇంటికి వస్తూ కొట్టం దగ్గర ఆగి చెప్పాను. రేపు తనే వస్తానంది. "ఈ యాదమ్మ ఎవరో సూపెడ్త పా."

డిసెంబర్ 5, శుక్రవారం

ఆఫీసు రిసెప్షన్‌లో కూర్చుని రాస్తున్నాను. ముప్పావుగంట అయింది. "సార్ బిజీ."

యాదమ్మత్త పట్టుచీర కట్టుకుని వచ్చింది. నాడా గట్టిగా బిగించి, తాళాలు దోపి. లోపల కాటుక చుక్క ఉంది, దారిలో రెండుసార్లు తడిమి చూసుకుంది.

ఇక్కడి కుర్చీలకు రెండు పక్కలా స్టీలు చేతులు. ఒకదాంట్లో కూర్చోబోయింది, పట్టలేదు. ఇంకొకటి. అదీ పట్టలేదు. బరువు తగ్గించే కంపెనీ, రిసెప్షన్‌లో లావు మనిషి పట్టే కుర్చీ ఒక్కటి లేదు! మూడేళ్ళుగా ఈ కుర్చీల పక్కనుంచే నడిచి వెళ్ళాను నేను.

కింద కూర్చుంది. సరిగ్గా పోస్టర్ కింద. నేనూ కింద కూర్చున్నాను. సెక్యూరిటీ ఆయన వచ్చాడు, "అమ్మా, గిట్ల కింద కూసోవద్దు."

"అయితె నాకు పట్టే కుర్చీ తే."

ఆయన అటూ ఇటూ చూశాడు, వెళ్ళిపోయాడు.

బ్యాగులో కవరు ఉంది, కమిటీ చిరునామా రాసి. అంటించలేదు ఇంకా. ఉద్యోగం పోతే మళ్ళీ ఇలాంటి పని ఎక్కడ దొరుకుతుందో తెలియదు. నా కొక్కేలు వాళ్ళ దగ్గరే ఉండిపోతాయి. ఆమెకు బిళ్ళ ఎవరు పెడతారో అదీ తెలియదు. "ఏం రాస్తున్నవ్?" అంది ఇప్పుడే. నీ గురించే అన్నాను. "నా బరువు రాయకు" అంది.

రిసెప్షన్ అమ్మాయి వచ్చింది. "రేణుక గారూ, సార్ పిలుస్తున్నారు. మిమ్మల్ని ఒక్కరినే రమ్మన్నారు."

యాదమ్మత్త నా వైపు చూడలేదు. తలుపు వైపు చూస్తూ రెండు చేతులూ చాపింది.

"లేపు."

ఒంటి చేత్తో లేవదు. డైరీ మూసేస్తున్నాను.